హవానా చుట్ట: చవి చూసేవారూ, చుట్టేవారూ

కిందటి వేసవి సెలవుల్లో నా దగ్గర చదువుకున్న పాత విద్యార్థి ఒకడు మా యింటికి వచ్చాడు. గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మాటల మధ్య సంచీలోంచి ఒక నోటుపుస్తకం తీసి నా చేతికిచ్చాడు. కవిత్వం రాశాడేమో, అభిప్రాయం అడగబోతున్నాడేమో అనుకున్నాను. తీరా చూస్తే అది హవానా చుట్టల రుచుల పట్టిక. ఒకే పేరు, ఒకే పొడవు, ఒకే లావు గల చుట్టలు మూడు. ఒకటి 1998 నాటి పెట్టెలోది, ఒకటి 2008 నాటిది, మూడోది 2018 నాటిది. మూడు సాయంత్రాలు ఆ మూడింటినీ కాల్చి, వెలిగించకముందు వాసన, మొదటి మూడోవంతు, నడిమి భాగం, చివరి భాగం, నుసి నిలిచిన తీరు అంటూ గళ్ళు గీసి రాసుకున్నాడు. దేవదారు చెక్క, పాత తోలు, కోకో, తొలకరికి తడిసిన మట్టి వంటి మాటలు ఆ గళ్ళనిండా ఉన్నాయి. చివరి గడిలో నూటికి ఇన్ని అని మార్కులు.

నేను నవ్వాను. అతడు నవ్వలేదు. "మాస్టారూ, మీరు క్లాసులో ఫలానా పద్యం ద్రాక్షాపాకం, ఫలానాది నారికేళపాకం అని చెప్పేవారు గదా. ఇదీ అలాంటిదే" అన్నాడు.

ఆ మాటకు అప్పటికప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసం చేసిన ప్రయత్నం. నేను పొగ తాగను. పొగాకు మనిషి ప్రాణానికి చేటన్న విషయంలో నాకు సందేహమూ లేదు. కాని ఒక వస్తువును ఇంత శ్రద్ధగా ఆస్వాదించే అలవాటు ఎలా పుట్టింది, ఎవరికి పుట్టింది, ఆ శ్రద్ధలోకి ఏది వచ్చింది, ఏది రాలేదు అన్నవి సాహిత్య విమర్శకుడు పట్టించుకోవలసిన ప్రశ్నలే. ఎందుకంటే విమర్శకుడి పని కూడా చవి చూడడమే.

1

నా విద్యార్థి మాటలో నిజం లేకపోలేదు. మన అలంకార శాస్త్రం తన మూలపదాన్ని నాలుక నుంచే తెచ్చుకుంది. నానా వ్యంజనాలతో కలిపి వండిన అన్నాన్ని తినేవాడు రసాలను ఆస్వాదించినట్లే, ప్రేక్షకుడు స్థాయీభావాలను ఆస్వాదిస్తాడన్నది భరతుని ఉపమానం. తరువాతి వారు పానకరసాన్ని ఉదాహరించారు. తొక్కా టెంకా లేకుండా నోట్లో కరిగిపోయే కవిత ద్రాక్షాపాకం, కొంచెం ఒలుచుకుని తినవలసింది కదళీపాకం, పీచు తీసి పెంకు పగలగొట్టవలసింది నారికేళపాకం. చుట్ట రుచి రాసేవాడిని చూసి మనం నవ్వితే మన పూర్వులను చూసి కూడా నవ్వవలసి ఉంటుంది.

పాతబడిన చుట్టకు వేరే రుచి ఉంటుందన్నది కూడా ఊహ కాదు. పొగాకు ఆకు కోసిన తర్వాత కూడా మారుతూనే ఉంటుంది. క్యూబాలో ఆకును చెక్క కొట్టాలలో వారాల తరబడి ఆరగడతారు. తర్వాత కుప్పలు వేసి మాగబెడతారు. ఆ కుప్ప లోపల పుట్టే వేడికి అమోనియా, నికొటిన్ కొంత తగ్గుతాయి. ఆ పిమ్మట రాజతాళ వృక్షపు పట్టలో కట్టలు కట్టి నిలవ చేస్తారు. చుట్టిన తర్వాత కూడా ఈ మార్పు ఆగదు. కొత్తగా చుట్టినదానిలో ఘాటైన అమోనియా వాసన ఉంటుంది. రుచి చూసేవారు దాన్ని చుట్టకు జబ్బు చేసిన దశ అంటారు. సుమారు 16 నుంచి 18 డిగ్రీల చల్లదనంలో, నూటికి 65 నుంచి 70 పాళ్ళ తేమలో దేవదారు పెట్టెలో పడుకోబెడితే, ఏళ్ళు గడిచేకొద్దీ ఘాటు తగ్గి రుచి మెత్తబడుతుంది. మరీ ఎక్కువ కాలం ఉంచితే వాసన వెలిసిపోయి వట్టి ఆకు మిగులుతుంది. పాతదెల్లా గొప్పది కాదన్న సంగతి ఈ అభిరుచి కలవారికి బాగా తెలుసు. అందుకే వారికి పోల్చి చూడడం అవసరమైంది.

పోల్చడం విమర్శకు మొదటి మెట్టు. అక్కడి వరకు నా విద్యార్థికీ నాకూ పేచీ లేదు. పేచీ ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవాలంటే ఆ చుట్ట పుట్టిన చోటికి వెళ్ళాలి.

2

1492 నవంబరులో కొలంబస్ మనుషులు రొద్రీగో దె హెరెస్, లుయీస్ దె తొర్రెస్ అనే ఇద్దరు క్యూబా లోతట్టు ప్రాంతంలోకి వెళ్ళి, అక్కడి తైనో ప్రజలు చుట్టిన ఆకులకు నిప్పు ముట్టించి పొగ పీల్చడం చూశారు. యూరపుకు చుట్టతో మొదటి పరిచయం అది. తైనోలకు ఆ పొగ దేవతలతోనూ, వైద్యంతోనూ ముడిపడిన వస్తువు. కొద్ది దశాబ్దాలలోనే ఆ ప్రజ రోగాలకూ, వెట్టికీ, కత్తికీ బలై దాదాపు నశించిపోయింది. వారి ఆకు మాత్రం వ్యాపారంగా మిగిలింది.

1717లో స్పెయిన్ రాజు క్యూబా పొగాకు మీద గుత్తాధికారం ప్రకటించాడు. రైతు పండించినదంతా రాజు నిర్ణయించిన ధరకు రాజుకే అమ్మాలి. పొగాకు రైతులు 1717లోనూ, 1720లోనూ, 1723లోనూ తిరగబడ్డారు. మూడో తిరుగుబాటులో పట్టుబడిన వారిని హవానా పొలిమేరలో చంపి ప్రదర్శించారు. క్యూబా చరిత్రలో వలస పాలన మీద జరిగిన తొలి తిరుగుబాట్లుగా వీటిని లెక్కిస్తారు. ఆ గుత్తాధికారం సరిగ్గా ఒక శతాబ్దం తర్వాత 1817లో రద్దయింది. అది రద్దయ్యాకనే ఈనాడు మనం వినే పేర్లు పుట్టాయి. 1834లో పోర్ లర్రన్యాగా, 1844లో ఉప్‌మన్, 1845లో పర్తగాస్, 1875లో రోమియో ఇ హూలియెతా. పెట్టె మీద బంగారు రంగు ముద్రలు, ప్రతి చుట్టకూ కాగితపు పట్టీ, ఫలానా కంపెనీదే అసలైనదన్న కీర్తి అంతా ఆ శతాబ్దంలో తయారైన సరంజామా.

ఈ కీర్తి వెనక ఉన్న చేతులు ఎవరివి? స్వేచ్ఛ గల నల్లవారు, తెల్ల పేదలు, చిన్నపిల్లలైన శిక్షణార్థులు, ఒప్పందం కింద తెచ్చిన చైనా కూలీలు, బానిసలు. క్యూబాలో బానిసత్వం రద్దయింది 1886లో. అంటే యూరపు పెద్దమనుషులు క్లబ్బులలో హవానా పరిమళాన్ని వర్ణించుకుంటున్న కాలంలో ఆ పరిమళంలో బానిస చెమట కూడా ఉంది. 1940లో ఫెర్నాందో ఒర్తీస్ పొగాకునూ పంచదారనూ ఎదురెదురుగా నిలిపి ఒక ప్రసిద్ధ గ్రంథం రాశాడు. పంచదార యంత్రానిది, పెద్ద కమతానిది, మందలుగా తోలే శ్రమది. పొగాకు చేతిది, చిన్న రైతుది, నైపుణ్యానిది అన్నది స్థూలంగా ఆయన చూపిన భేదం. ఆ భేదంలో నిజం చాలా ఉంది. అయితే చేతిపని అయినంత మాత్రాన అది స్వేచ్ఛాశ్రమ అయిపోదన్న సంగతి కూడా మనం జ్ఞాపకం పెట్టుకోవాలి.

చేతిపని ఎంత నైపుణ్యం గలదో చెప్పాలి. లోపలి కూరు ఆకులో మూడు రకాలుంటాయి. మొక్క పైభాగపు ఆకు ఘాటుకు, నడిమి ఆకు వాసనకు, అడుగు ఆకు చక్కగా కాలడానికి. వీటిని అరచేతిలో మడిచి, కట్టు ఆకులో చుట్టి, పైన పల్చని సాగే పొర ఆకు తొడుగుతారు. ఈ పై ఆకు కోసం వుయెల్తా అబాహో ప్రాంతంలో తోటలకు తోటల మీద పల్చటి గుడ్డ పందిళ్ళు వేసి ఎండను వడగడతారు. చుట్టేవాడి పేరు టోర్సెడోర్. అతని పనిముట్టు చవేతా అనే పిడిలేని రేకు కత్తి ఒక్కటే. బిగువు ఎక్కువైతే పొగ రాదు, తక్కువైతే మండిపోతుంది. ఆ బిగువు ఎంత ఉండాలన్నది వేళ్ళకు తప్ప మరెవరికీ తెలియదు. నా విద్యార్థి తన పట్టికలో పొగ ధారాళంగా వచ్చింది అని రాసిన చోట ఒక మనిషి వేళ్ళు ఉన్నాయి. ఆకు ఈనె తీసేది స్త్రీలు. ఒళ్ళో ఆకు పరచుకుని పనిచేసే ఆ స్త్రీలను చూసిన కళ్ళే, హవానా చుట్టలను కన్నెపిల్లలు తొడల మీద చుడతారన్న కట్టుకథను అల్లాయి. శ్రమను శృంగారంగా మార్చి అమ్ముకోవడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

3

హవానా చుట్టల చరిత్రలో సాహిత్య విద్యార్థి తప్పక తెలుసుకోవలసిన అధ్యాయం మరొకటి ఉంది. అది చదువరి కథ.

1865 అక్టోబరులో సతుర్నీనో మార్తీనెస్ అనే చుట్టల కార్మికుడు లా అవురోరా అనే పత్రికను ప్రారంభించాడు. అది చేతిపనివారి కోసం నడిచిన పత్రిక. కార్మికులలో అక్షరాలు వచ్చినవారు కొద్దిమంది. పత్రిక అచ్చయినా చదవగలిగేదెవరు? ఆ ప్రశ్నకు జవాబుగా అదే సంవత్సరం డిసెంబరులో ఎల్ ఫిగరో అనే కర్మాగారంలో, చుట్టలు చుడుతున్నంతసేపూ ఒక మనిషి గట్టిగా చదివి వినిపించే పద్ధతి మొదలైంది. మొదట తమలో ఒకడే చదివేవాడు. అతడు చదువుతూ పోగొట్టుకున్న కూలిని మిగిలినవారు తలా కొంత వేసుకుని పూడ్చేవారు. కొద్ది వారాలలోనే అది పర్తగాస్ కర్మాగారానికీ, ఇతర కర్మాగారాలకూ పాకింది. కార్మికులు పనిచేసే హాలును గలేరా అంటారు. వరసగా బల్లలు, మధ్యన ఎత్తైన వేదిక, దాని మీద చదువరి. తర్వాతి కాలంలో స్థిరపడిన పద్ధతి ప్రకారం ఉదయం వార్తాపత్రిక, మధ్యాహ్నం నవల. ఏ నవల చదవాలో కార్మికులే ఓటు వేసి నిర్ణయించుకునేవారు. హ్యూగో, డ్యూమా, సెర్వాంటెస్, జోలా రచనలు ఆ బల్లల మధ్య వినిపించాయి. నచ్చితే చవేతాలతో బల్ల మీద టకటకలాడించేవారు. నచ్చకపోతే కత్తిని నేలకేసి కొట్టేవారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. అక్షరం రాని మనుషులు ఓటు వేసి గ్రంథాన్ని ఎంచుకుని, విని, మెచ్చుకోలును చప్పుడుతో తెలిపి, పని దిగాక దాని మీద వాదించుకున్నారు. విమర్శ అంటే ఇది కాకపోతే మరేమిటి? సహృదయుడు కావడానికి మనోముకురం నిర్మలంగా ఉండాలన్నారు మన ఆలంకారికులు. ఆ ముకురాన్ని తుడుచుకోవడానికి తీరిక కావాలి, ఆ తీరిక ఉన్నవాడికే రసం దక్కుతుందని మనం అనుకుంటూ వచ్చాం. హవానా కార్మికులు తీరిక లేకుండానే, చేతులు ఆడుతుండగానే, చెవులతో సహృదయులయ్యారు.

ఏలినవారికి దీని అర్థం త్వరగానే బోధపడింది. 1866 మే నెలలో వలస ప్రభుత్వం కర్మాగారాలలో చదవడాన్ని నిషేధించింది. 1868లో స్వాతంత్ర్యయుద్ధం మొదలయ్యాక వేలాది చుట్టల కార్మికులు ఫ్లోరిడాకు తరలిపోయారు. చదువరి కూడా వారితో వెళ్ళాడు. మొదట కీ వెస్ట్, ఆపైన 1885 తర్వాత టాంపా పక్కన వెలసిన ఈబోర్ సిటీ. 1891 నవంబరు 26, 27 తేదీలలో హొసే మార్తీ టాంపాలో చేసిన ప్రసంగాలకు శ్రోతలు ఈ కార్మికులే. మరుసటి ఏడు ఏర్పడిన క్యూబా విప్లవ పార్టీకి వారు తమ కూలిలోంచి చందాలు ఇచ్చారు. 1895లో తిరుగుబాటు ప్రారంభించమన్న ఆజ్ఞ ఒక చుట్టలో దాచి హవానాకు చేరిందని అక్కడ చెప్పుకుంటారు. ఆ కథ అక్షరాలా నిజమో కాదో గాని, కవి అయిన మార్తీకి చుట్టల కార్మికులే తొలి సైన్యమన్నది చరిత్ర. పందొమ్మిది వందల ముప్పయిలలో క్యూబా కార్మికోద్యమాన్ని నడిపి, 1939లో క్యూబా కార్మిక సమాఖ్యకు ప్రధాన కార్యదర్శి అయిన లాసరో పేన్యా కూడా పొగాకు కార్మికుడే.

1931లో టాంపా యజమానులు చదువరి వేదికలను పీకివేశారు. కార్మికులు సమ్మె చేశారు, ఓడిపోయారు. చదువరి స్థానంలో యజమానులు రేడియో పెట్టారు. ఎంచుకునే ఓటు పోయింది, వినడం మాత్రం మిగిలింది. క్యూబాలో మాత్రం ఆ పద్ధతి బతికింది. 2012లో క్యూబా దానిని జాతీయ సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది. 1935లో వచ్చిన మోంతెక్రిస్తో చుట్టకు ఆ పేరు, కార్మికులు ఇష్టపడి విన్న డ్యూమా నవల నుంచి వచ్చిందని ప్రసిద్ధి. చుట్ట పట్టీ మీద అచ్చయిన ఆ పేరు రచయిత ప్రతిభకే కాక శ్రోతల అభిరుచికీ గుర్తు.

4

ఇప్పుడు పాత చుట్టల వేడుక ఎలా పుట్టిందో చూద్దాం. చుట్టను మాగబెట్టి తాగడం పందొమ్మిదో శతాబ్దంలోనే ఇంగ్లీషు వర్తకులు పెంచిన అలవాటు. కాని పాతపెట్టెల కోసం వెతుకులాట, వేలంపాట, తేదీల లెక్క అనేవి ముఖ్యంగా 1960 తర్వాతి చరిత్ర.

1960 సెప్టెంబరులో క్యూబా విప్లవ ప్రభుత్వం చుట్టల కర్మాగారాలను జాతీయం చేసింది. 1962 ఫిబ్రవరిలో కెన్నెడీ క్యూబా వాణిజ్యం మీద పూర్తి నిషేధం విధించాడు. సంతకానికి ముందురోజు సాయంత్రం ఆయన తన పత్రికా కార్యదర్శి పియెర్ శాలింజర్‌ను పిలిచి వెయ్యి చుట్టలు కావాలని అడిగాడనీ, మర్నాడు 1200 పెతీ ఉప్‌మన్‌లు దొరికాయని విన్న తర్వాతనే సంతకం చేశాడనీ శాలింజర్ స్వయంగా రాశాడు. ఒక దేశం నోటికాడి కూడు తీసే కాగితం మీద సంతకం చేసేవాడు ముందు తన పొగ భద్రం చేసుకున్నాడు. వర్గస్వభావం గురించి మనం రాసే పది పేజీల వ్యాసం కంటె ఈ ఒక్క సంఘటన ఎక్కువ చెబుతుంది.

ఆ నిషేధమే పాత చుట్టకు కొత్త విలువ తెచ్చింది. నిషేధానికి పూర్వం అమెరికాకు చేరిన చుట్ట చట్టబద్ధం, తర్వాతిది చట్టవిరుద్ధం. ఆకు అదే, నేల అదే, చేయి అదే. తేదీ ఒక్కటే వేరు. తేదీ తెలుసుకోవడం అవసరమైనప్పుడు తేదీని చదివే విద్య కూడా పుట్టింది. పెట్టె అడుగున "క్యూబా హవానాలో తయారైంది" అని ఇంగ్లీషులో ముద్ర ఉంటే అది విప్లవపూర్వపుది. స్పానిష్‌లో ఉంటే 1960 తర్వాతిది. "పూర్తిగా చేతితో" అన్న మాట చేరితే 1989 తర్వాతిది. 1985లో కర్మాగారాలు తేదీని రహస్యాక్షరాలతో ముద్రించడం మొదలుపెట్టాయి. నివెల్ అకూసో అన్న పది అక్షరాలు వరసగా ఒకటి నుంచి సున్న దాకా అంకెలు. ఆ గుట్టు తెలిసినవాడు పెట్టె పుట్టిన నెల, సంవత్సరం చెప్పగలడు. 2000 నుంచి నెల పేరు, సంవత్సరం బాహాటంగానే వేస్తున్నారు.

ఈ అభిరుచి కలవారికి చెందవలసిన గౌరవం ఇక్కడ చెల్లించాలి. తాళపత్ర ప్రతి చివర లేఖకుడు రాసుకున్న సంవత్సరాన్ని బట్టి గ్రంథకాలాన్ని నిర్ణయించే పరిష్కర్తకూ, పెట్టె అడుగు ముద్రను పట్టి కాలం తేల్చే ఈ ఔత్సాహికుడికీ పద్ధతిలో భేదం లేదు. హాంకాంగుకు చెందిన మిన్ రాన్ నీ 2003లో విప్లవానంతర హవానా చుట్టల మీద ఒక బృహత్కోశం ప్రచురించాడు. ఏ పేరు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు ఆగిపోయింది, ఏ ఏటిది ఎలా పండింది అన్నది ఎక్కువగా ఇటువంటి ఔత్సాహికులే పోగుచేశారు. వారు తెలిసో తెలియకో ఒక పరిశ్రమ చరిత్రను కాపాడారు.

అయితే వారు రుచిలో కనిపెట్టిన ప్రతి మలుపు వెనకా ఒక చారిత్రక కారణం ఉంది. 1979-80లో నీలి బూజు తెగులు క్యూబా పొగాకు పంటను తుడిచిపెట్టింది. ఆ తర్వాతి కొరత పెట్టెల్లో కనిపిస్తుంది. 1991లో సోవియట్ యూనియన్ పతనమయ్యాక క్యూబాకు ఎరువులు, ఇంధనం, ఆహారం కరువయ్యాయి. సరిగ్గా అదే దశకంలో అమెరికాలో, యూరపులో చుట్టల మోజు పెరిగింది. 1992లో అందుకోసం ఒక ఖరీదైన పత్రికే వెలిసింది. 1996లో ఆ పత్రికాధిపతి కెన్నెడీ చుట్టల పెట్టెను వేలంలో 5,74,500 డాలర్లకు కొన్నాడు. విదేశీ మారకం కోసం క్యూబా ఉత్పత్తిని హడావిడిగా పెంచింది. పాతకాలపు కొరోహో విత్తనం స్థానంలో తెగుళ్ళను తట్టుకునే సంకరజాతులు వచ్చాయి. ఆ దశకం చివరి చుట్టలలో బిగువు సరిగా లేనివి ఎక్కువని ఇప్పుడు రుచి చూసేవారంతా అంటారు. నా విద్యార్థి తన 1998 చుట్టకు "పొగ సరిగా లాగడం లేదు" అని రాసి ఎనిమిది మార్కులు తగ్గించాడు. ఆ ఎనిమిది మార్కులు ఎవరి మీద తగ్గించినట్టు? రొట్టె కోసం వరసలో నిలబడి వచ్చి బల్ల ముందు కూర్చున్న కార్మికుడి మీదనా? సోవియట్ పతనం మీదనా? అమెరికా ఆంక్షల మీదనా? లేక అవకాశం దొరికింది కదా అని నాణ్యం చూడకుండా లెక్క పెంచమన్న అధికారి మీదనా?

నాలుక దోషాన్ని పట్టుకోగలదు. దాని కారణాన్ని పట్టుకోలేదు. సాహిత్యంలో కూడా ఇంతే. ఈ పద్యం కుంటుపడింది అని చెప్పడం ఆస్వాదన. ఎందుకు కుంటుపడిందో చెప్పడం విమర్శ. మొదటిది లేకుండా రెండోది చేసేవాడు గుడ్డివాడు. మొదటి దానితో ఆగిపోయేవాడు సగం పని చేసినవాడు. మన అభ్యుదయ విమర్శకులలో కొందరికి మొదటి లోపం ఉన్నదని ఒప్పుకోక తప్పదు. పద్యాన్ని చవి చూడకుండానే దాని వర్గం తేల్చిన సందర్భాలు మన పత్రికలలోనే ఉన్నాయి.

5

ఇందులో మనం దాటేయకూడని చిక్కు ఒకటి ఉంది. విప్లవం జరిగిన దేశం ధనవంతుల భోగవస్తువును తయారుచేసి అమ్ముకోవలసి రావడం. కోహిబా పేరు 1966 నాటిది. ఫిదెల్ కాస్త్రో కోసం ఎదువార్దో రివేరా అనే కార్మికుడు చుట్టిన చుట్ట దానికి మూలం. ఎల్ లగీతో అనే కర్మాగారంలో దాన్ని చుట్టేందుకు స్త్రీలకు శిక్షణ ఇచ్చారు. అంతవరకు ఈనెలు తీయడానికే పరిమితమైన స్త్రీలు టోర్సెడోర్‌లు కావడం విప్లవం తెచ్చిన నిజమైన మార్పు. ఆ చుట్టను మొదట దేశాధినేతలకు కానుకలుగా ఇచ్చేవారు. 1982 నుంచి అమ్మకానికి పెట్టారు. కాస్త్రో 1985లో పొగ మానేశాడు. అమ్మకం పెరుగుతూనే వచ్చింది. 2022లో కోహిబా ధరలను ప్రపంచమంతటా ఒక్కసారిగా పెంచారు. 2023లో హవానాలో జరిగిన అలంకృత పెట్టెల వేలంలో కోటి యూరోలకు పైగా వచ్చింది. ఆ డబ్బు క్యూబా ప్రజారోగ్య వ్యవస్థకు వెళ్తుందని నిర్వాహకులు ప్రకటించారు. ఆసుపత్రికి మందులు కొనడానికి ఎక్కడో కోటీశ్వరుడి నాలుకను మెప్పించాలి. కోహిబా చుట్టిన స్త్రీ తన నెల జీతంతో కోహిబా పెట్టె కొనలేదు. దీనిని క్యూబా తప్పుగా చూపి చేతులు దులుపుకోవడం అన్యాయం. ఆరు దశాబ్దాలు దాటిన ఆంక్షలలో ఆ దేశానికి మిగిలిన దారులు బహు కొద్ది. అయినా వైరుధ్యం వైరుధ్యమే. దాన్ని దాచిపెట్టే విమర్శకుడు క్యూబాకు చేసే మేలేమీ లేదు.

మరి తీరిక మాటేమిటి? "పెట్టుబడి" మీద వచ్చే డబ్బు దాన్ని రాస్తూ తాను కాల్చిన చుట్టల ఖర్చుకు కూడా చాలదని మార్క్స్ తనతో అన్నట్టు ఆయన అల్లుడు పాల్ లఫార్గ్ రాశాడు. మార్క్స్ కాల్చినవి చవక చుట్టలు. ఆ లఫార్గ్ 1842లో క్యూబాలోని శాంతియాగోలో పుట్టినవాడు. కార్మికుడికి పనిహక్కు కంటె ముందు తీరికహక్కు కావాలని వాదించినవాడు. కనుక ఒక మనిషి సాయంత్రం కూర్చుని ఒక వస్తువు రుచిని నిదానంగా గమనించడం తప్పని అభ్యుదయవాది అనజాలడు. ఆ తీరిక కొందరికే ఉండడం తప్పు. ఇరవై ఏళ్ళు పెట్టెను చల్లగా పడుకోబెట్టడానికి ఇల్లు, కరెంటు, డబ్బు కావాలి. అన్నిటికంటె ముందు ఇరవై ఏళ్ళ తర్వాత కూడా తన బతుకు ఇలాగే ఉంటుందన్న ధీమా కావాలి. ఆ ధీమా పొగాకు రైతుకు లేదు. 2022 సెప్టెంబరులో తుపాను వచ్చి పినార్ దెల్ రియోలో ఆకు ఆరబెట్టే కొట్టాలను వేల సంఖ్యలో నేలమట్టం చేసింది. మన తీరంలో తుపానును ఎరిగిన పొగాకు రైతుకు ఈ వార్త విడమరిచి చెప్పనక్కరలేదు.

చుట్ట అన్న మాట మనకు కొత్త కాదు. గోదావరి లంకల పొగాకు చుట్టకు ఒకప్పుడు ఎంత పేరుండేదో పెద్దలు ఎరుగుదురు. ఉత్తరాంధ్రలో స్త్రీలు నిప్పు కొసను నోటిలో పెట్టుకుని కాల్చే అడ్డపొగ ఉంది. దాని రుచి గురించి ఎవరూ గళ్ళు గీయలేదు. కేరళలో కన్నూరు బీడీ కార్మికులకు క్యూబా వారివంటి అలవాటే ఉండేది. ఒకరు పత్రిక చదివేవారు, అతని వంతు బీడీలను మిగిలినవారు చుట్టి ఇచ్చేవారు. 1969లో అక్కడ ఏర్పడిన దినేశ్ బీడీ సహకార సంఘం వెనక ఆ చదువు ఉంది. మన తెలంగాణలో బీడీలు చుట్టేది ఎక్కువగా స్త్రీలు. ఎవరింట్లో వారు, ఒంటరిగా, చేటలో ఆకు పెట్టుకుని చుడతారు. వారికి గలేరా లేదు. గలేరా లేనిచోట చదువరి ఉండడు. కార్మికులను ఒకచోట కూర్చోనివ్వకపోవడం వల్ల యజమానికి మిగిలేది షెడ్డు అద్దె మాత్రమే కాదని హవానా చరిత్ర తెలిసినవారికి అర్థమవుతుంది. మన కథకులు బీడీ కార్మికురాలి దగ్గును, కందిన వేళ్ళను రాశారు. ఆమె ఏం వినాలనుకుంటుందో అడిగినవారు తక్కువ.

నా విద్యార్థికి నేనిచ్చిన జవాబు ఇది. నీ పట్టిక తప్పు కాదు, అసంపూర్ణం. నీ 1998 పెట్టె మీద కర్మాగారపు ముద్ర ఉంది, నెల ఉంది. ఆ నెలలో ఆ హాలులో ఏ నవల చదివారు, ఎవరు చదివారు, కార్మికులు దేనికి చవేతాలు టకటకలాడించారు? ఇంకొక గడి గీసి అది కూడా రాయి అన్నాను.

"ఆ సంగతి ఎక్కడ దొరుకుతుంది మాస్టారూ? గడి ఖాళీగా ఉండిపోతుంది" అన్నాడు.

ఖాళీగా ఉంటే ఉండనీ, గీయడం మాత్రం మానకు అన్నాను. ఈ మాట అతనికి చెప్పిన తర్వాత నా పాత వ్యాసాలు కొన్ని తీసి చూసుకున్నాను. పాకాలు ఉన్నాయి, వర్గాలు ఉన్నాయి. ఆ పద్యాలను ఎవరు వినేవారు, ఏ పని చేస్తూ వినేవారు అన్న గడి చాలా చోట్ల నేనూ గీయలేదు.